వదిన పేరు రాయించిన అనురాధ

సిరిసిల్లలో అనురాధ ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు నడుస్తాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. భర్త శ్రీధర్ రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు వాటిని అమ్మెయ్యమని చాలామంది చెప్పారు. ఆమె అమ్మలేదు. తెగిన దారం ముడివేయడం తప్ప వ్యాపారం తెలియని మనిషి, ఆరు నెలల్లో, నూలిచ్చి బట్ట నేయించుకునే సేట్లతో మాట్లాడి పని తెచ్చుకోవడం నేర్చుకుంది. కూతురు ప్రీతికి తొమ్మిదేళ్లు, కొడుకు సాయితేజకు ఐదు.

నిరుడు వానాకాలంలో మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. కరీంనగర్‌లో డాక్టరు పరీక్షలు చేసి, గుండెలో ఒక వాల్వు పాడైందనీ, హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకోవాలనీ చెప్పాడు. ప్రమాదం తక్కువేనన్నాడు. తక్కువ అన్న మాట ఆమెకు వినపడలేదు. తనకేమైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతారన్నదే మనసులో తిరిగింది.

మస్కట్‌లో పనిచేసే తమ్ముడు రాజేశ్ ఫోన్ చేసి, తానున్నానన్నాడు. మంచివాడే. కానీ గంభీరావుపేటలో ఉండేది అతని భార్య ఒక్కతే, చేతిలో చంటిపాప. అనురాధ మనసు కోరుట్లలో ఉన్న లత మీదికి పోయింది. లత శ్రీధర్‌కు అక్క, అంగన్‌వాడీ టీచరు. ఆమెకు పిల్లల్లేరు.

చిక్కేమిటంటే వాళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. శ్రీధర్ పోయిన కొన్నాళ్లకు, పిల్లలను కోరుట్లకు పంపితే చదివిస్తానంది లత. నా పిల్లలను గుంజుకోవాలని చూస్తున్నదని అనురాధ నలుగురి ముందూ అనేసింది. ఆ తర్వాత లత సిరిసిల్లలో అడుగుపెట్టలేదు. ప్రీతి మాత్రం అప్పుడప్పుడు మేనత్తకు ఫోన్ చేస్తుండేది.

ఒక ఆదివారం పొద్దున అనురాధ కోరుట్ల బస్సెక్కింది. దారి పొడుగునా, తలుపు తియ్యకపోతే ఏం చెయ్యాలనే ఆలోచనే. లత తలుపు తీసింది, మంచినీళ్లిచ్చింది, ఎదురుగా కూర్చుంది.

“వదినా, గప్పుడు నేనన్న మాట తప్పు,” అంది అనురాధ. “గిప్పుడు నేనే అడుగుతున్న. నాకేమన్నయితే పిల్లలను నువ్వు సాదు, పెంచి పెద్దచెయ్యి.”

ఆపరేషన్ సంగతి విని లత దగ్గరికి జరిగి కూర్చుంది. “సాదనా మరి? గా పిల్లలు నాకు పరాయోళ్లా?” అంది.

“నీ మీద నమ్మకం లేక కాదు, కాయితం మీద రాయిస్త. రేపు నిన్నెవరూ ఒక్క మాట అనొద్దు.”

లతకు తెలిసిన వకీలు కవిత జగిత్యాలలో ఉంటుంది. మరుసటి వారం ఇద్దరూ కలిసి వెళ్లారు. తండ్రి లేని పిల్లలకు సంరక్షకులెవరో తల్లి వీలునామాలో చెప్పవచ్చని కవిత వివరించింది. ఎప్పుడైనా కోర్టు దాకా పోతే జడ్జి మొదట చూసేది పిల్లల మంచినేననీ, అయినా తల్లి రాసిన మాటకు బరువుంటుందనీ, అందుకే కారణం కూడా రాయించమనీ చెప్పింది. ఈమెనే ఎందుకు అనుకున్నావని అడిగింది.

అనురాధ లత వైపు చూడకుండా చెప్పింది. “నేను గంత మాటన్న తర్వాత గూడ, నా బిడ్డతోని నా గురించి ఒక్క చెడ్డమాట చెప్పలె.”

లత కొంగుతో కళ్లు తుడుచుకుంది. కవిత ఆ మాటను అలాగే రాసుకుంది. వీలునామా ప్రకారం పిల్లలకు సంరక్షకురాలు లత; ఇల్లూ సాంచాలూ పిల్లలిద్దరికీ సమానం. వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా లత, రాజేశ్ కలిసి ఆస్తిని చూడాలి. ఒకరికి తెలియకుండా ఒకరు ఏదీ అమ్మకూడదు. ఆస్తిలో వాటా లేని ఇరుగుపొరుగు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. సిరిసిల్లలో రిజిస్ట్రేషనూ అయింది.

రాజేశ్‌కు చెప్పడానికి ఆమె భయపడింది. విని అతను, “అక్కా, నిజం చెప్తున్న, ఈడ నుంచి ఎట్ల చూసుకోవాల్నో తెల్వక నాకు నిద్ర పడుతలేదు. మంచి పని చేసినవు,” అన్నాడు. ఆమె ఫోన్ పట్టుకుని నవ్వేసింది, చాలా రోజుల తర్వాత.

ఆపరేషన్ బాగా జరిగింది. నెలరోజులు లత సెలవు పెట్టి సిరిసిల్లలోనే ఉండి పిల్లలను బడికి పంపింది. కోరుట్లకు తిరిగి వెళ్లే రోజు సంచి సర్దుకుంటూ, ఇంక ఆ కాయితం అవసరం లేదు కదా, చింపేద్దామా అని అడిగింది.

“ఉండనీ వదినా,” అంది అనురాధ. “పిల్లలింకా చిన్నోళ్లే గదా.”

ఇప్పుడామె ఆయాసం లేకుండా మెట్లెక్కుతోంది. రెండో శనివారం వస్తే పిల్లలు కోరుట్లకు పోతామని గొడవ చేస్తారు, ఆమె పంపుతుంది.