ఆరు ఇస్పేట్ల ఆట

గోపన్‌పల్లిలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో రత్నమాల పని పదింటికి మొదలయ్యేది. గదుల తాళాలు తీయించాలి, బల్లలు సర్దించాలి, రెండింటికల్లా పేకాట గదిలో ముక్కలూ టీ ఫ్లాస్కూ పెట్టాలి. ఆమెది ఆ ఊరే. పదో తరగతి దాకా చదివింది. భర్త పోచయ్య ఆర్టీసీలో డ్రైవరు.

పెళ్లిళ్లలో మగవాళ్లు ఆడే రమ్మీ తప్ప ఆమెకు మరో పేకాట తెలియదు. ఆ గదిలో ఆడేది బ్రిడ్జి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, తురుపు ముక్క మిగతా రంగులన్నిటినీ కోస్తుంది. ఎన్ని పట్లు తీస్తారో, ఏ రంగు తురుపో ముందే వేలంలా పాట పాడుకుంటారు. పాట దక్కినవాళ్లలో ఒకరు ఆడతారు. రెండోవారు తమ పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచి ఊరుకుంటారు. వాళ్లను డమ్మీ అంటారు.

"నిలబడి ఎన్నాళ్లు చూస్తావమ్మా, కూర్చో, నేర్పుతాను" అన్నాడు శ్రీనివాసరావు ఒకరోజు. విద్యుత్ శాఖలో ఇంజనీరుగా రిటైరై కాకినాడ నుంచి వచ్చిన మనిషి. కూతురు స్రవంతి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది, ఆమె దగ్గరే ఉంటాడు.

"నాకేమొస్తది సారూ. నవ్వుతరు అందరు."

"ఎవరూ లేనప్పుడు నేర్చుకుందువుగాని."

అలా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఆమెకు చదువు మొదలైంది. ఆయన నేర్పింది ముఖ్యంగా లెక్క. బయట ఎన్ని తురుపు ముక్కలున్నాయి, ఎన్ని పడ్డాయి, ఇంకెన్ని మిగిలాయి. ఆమె తప్పితే ఆయన కసిరేవాడు కాదు. వేళ్లు ముడిచి చూపించి మళ్లీ లెక్కపెట్టించేవాడు. రెండేళ్లకు ఆమె వేళ్లతో పని లేకుండానే లెక్కపెట్టగలిగింది.

రెండు వేల పదకొండు అక్టోబరు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. పోచయ్య బండి తీయక చాలా రోజులైంది, పొద్దున్నే డిపో ముందు టెంటు దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. క్లబ్‌హౌస్‌లో దసరాకు పెట్టిన బ్రిడ్జి పోటీ ఆఖరి ఆట జరగాల్సిన రోజునే బంద్ వచ్చింది.

"బంద్ నాడు గూడ డ్యూటేనా నీకు?" అన్నాడు పోచయ్య.

"నడిచేటంత దూరమే గదా. గదులు తెరవకుంటే పెద్దమనుషులు పరేషాన్ అయితరు."

పోచయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రెండున్నరకు మూసాపేట నుంచి శ్రీనివాసరావు జోడీ నారాయణప్ప ఫోన్ చేశాడు. బస్సు లేదు, ఆటో లేదు, రాలేనన్నాడు. అవతలి జట్టు ఓంకార్, కనకలక్ష్మి దంపతులు అప్పటికే వచ్చి కూర్చున్నారు.

"రత్నమాల ఆడుతుంది" అన్నాడు శ్రీనివాసరావు.

కనకలక్ష్మి భర్త వైపు చూసింది. ఓంకార్ భుజాలెగరేసి, "సరే కానివ్వండి" అన్నాడు. రత్నమాల చీర కొంగుకు చేతులు తుడుచుకుని కూర్చుంది.

మూడు ఆటలు సాఫీగా జరిగాయి. నాలుగో ఆటలో శ్రీనివాసరావు ఒక ఇస్పేటుతో పాట తెరిచాడు. ఆమె చేతిలో ఇస్పేట్లు నాలుగు, కళావరు ఆసు, రాణి, జాకీ, ఆటీను రాజు. మూడు ఇస్పేట్లంది. ఆయన కళ్లు మెరిశాయి. ఆసులెన్నని పాటలోనే అడిగాడు. ఒక్కటని ఆమె పాటలోనే చెప్పింది. ఆయన కాసేపు ముక్కలు చూసుకుని, "ఆరు ఇస్పేట్లు" అన్నాడు.

అంటే మొదటి ఆరుకు తోడు మరో ఆరు, పదమూడింట పన్నెండు పట్లు తీయాలి. ఒక్కటే పోవచ్చు. దాన్ని స్లామ్ అంటారు. ఆ గదిలో నెలకొకసారి పడితే గొప్ప.

ఓంకార్ డైమను ఆసుతో మొదలుపెట్టాడు. రత్నమాల తన ముక్కలు పరిచింది. ఆ పట్టు పోయింది. రెండో డైమను శ్రీనివాసరావు రాజుతో తీసుకున్నాడు. ఇక పోగొట్టుకునే వీల్లేదు, పోగొట్టుకునే ముక్కా లేదు. బయట నాలుగు తురుపులున్నాయి. వాటిని లాగేస్తే మిగిలినవన్నీ తమవే.

ఆయన ఇస్పేటు ఆసు వేశాడు, రెండు పడ్డాయి. రాజు వేశాడు. ఓంకార్ ఇస్పేటే వేశాడు. కనకలక్ష్మి దగ్గర లేదు, ఆటీను పారేసింది. పడ్డవి మూడు. నాలుగోది, ఇస్పేటు పది, ఓంకార్ చేతిలో ఉంది. శ్రీనివాసరావు చేతిలో ఇస్పేటు రాణి సిద్ధంగా ఉంది. అది వేస్తే చాలు.

ఆయన ఆగాడు. ముక్కల వైపు, తర్వాత కిటికీ వైపు చూశాడు. కళావరు రాజు తీసి వేశాడు.

ఆ పట్టు నిలిచింది. ఇప్పుడైనా రాణి తీస్తాడేమో అని రత్నమాల ఆయన వేళ్లనే చూసింది. ఆయన చిన్న కళావరు వేసి, "ఆసు ఇవ్వమ్మా" అన్నాడు.

డమ్మీ నోరు విప్పకూడదు. కళ్లతో కూడా సైగ చేయకూడదు. అది నేర్పింది ఆయనే. ఆసును ముందుకు జరపడానికి ఆమె వేళ్లు రాలేదు.

"ఆసు" అన్నాడు మళ్లీ, నెమ్మదిగా.

జరిపింది. అప్పటికే ఓంకార్ ఇస్పేటు పదితో కోసేశాడు. ఆట ఒక్క పట్టుతో పోయింది, దాంతో పోటీ కూడా.

"అయ్యో, తురుపు వదిలేశారేంటండీ" అంది కనకలక్ష్మి, జాలిగానే.

శ్రీనివాసరావు బల్ల మీది పదిని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత రత్నమాల వైపు వంగి గొంతు తగ్గించి అడిగాడు. "మూడోసారి కూడా తురుపు లాగానుగా నేను? లాగలేదా?"

"ఒక్కటి మిగిలింది సారూ" అంది రత్నమాల.

ఆ నెలలోనే అంతకుముందు ఆయన ఒకే మధ్యాహ్నం రెండుసార్లు టీ అడగడం, పక్క టవరు లిఫ్టు ముందు నిలబడిపోవడం ఆమె చూసింది. వయసనుకుంది. ఆ సాయంత్రం స్రవంతి ఆఫీసు నుంచి రాగానే గేటు దగ్గర ఆపి జరిగింది చెప్పింది.

స్రవంతి బ్యాగు భుజం మార్చుకుంది. "మాకు తెలుసండీ. ఆగస్టులోనే డాక్టర్ గారు చెప్పారు. మందులిచ్చారు గానీ, ఇది తగ్గేది కాదంట. నాన్నకి ఇంకా చెప్పలేదు."

"మరి ఏం జేస్తరమ్మా?"

"ఏం చేయాలో నాకూ తెలీట్లేదు."

సంక్రాంతి దాటాక క్లబ్ సెక్రటరీ రత్నమాలను పిలిచాడు. శ్రీనివాసరావుతో ఆడటం కష్టంగా ఉందని మిగతావాళ్లు అంటున్నారట. "ఇక ఆటకు రావద్దని నువ్వే చెప్పు. నీ మాటైతే ఆయన వింటాడు" అన్నాడు.

"నా తోని కాదు సారూ."

"మరెవరు చెప్పాలి?"

వారం రోజులు ఆమె చెప్పలేదు. ఎనిమిదో రోజు ఆయన వచ్చేసరికి నాలుగు కుర్చీలూ నిండి ఉన్నాయి. ఎవరూ తలెత్తలేదు. ఆయన గుమ్మంలో నిలబడి, తన చోటు ఎక్కడని వెతుకుతున్నట్టు బల్లనంతా చూశాడు. రత్నమాల వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఇటు రా సారూ. నాకు జర ఆట నేర్పు."

వరండాలో చిన్న బల్ల వేసి ఇద్దరికీ పంచింది. ఆయన ముక్కలు రంగుల వారీగా పేర్చుకున్నాడు, తడబడకుండా. పాట కూడా సరిగ్గానే పాడాడు. మూడు పట్లయ్యాక చెయ్యి ఆగింది.

"తురుపు ఏదమ్మా?"

"ఇస్పేట్లు సారూ."

ఆయన తలూపి ఇంకో ముక్క వేశాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది.