మా తెల్ల కారు నీలం రంగులో వచ్చిన రోజు

ఇవాళ తాడేపల్లిగూడెంలో స్కూటర్‌కి పెయింట్ కొట్టిస్తుంటే, ఆ థిన్నర్ వాసనకి ఏలూరులో మన వీధి చివరి నెట్ సెంటర్ గుర్తొచ్చింది. అక్కడ నాతో కలిసి ఆడిన మీకూ ఆ కార్ల గేమ్ గుర్తుండే ఉంటుంది. ఎవర్నో గుద్దేసి పారిపోతుంటే పోలీసులు వెంటపడేవాళ్ళు. మనం గబుక్కున పెయింట్ షెడ్డులోకి దూరిపోయేవాళ్ళం. షట్టర్ పడేది, కారు వేరే రంగులో బయటికొచ్చేది, పోలీసులు మనల్ని వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ షట్టర్ లేచినప్పుడల్లా మనం ఎంత గోల చేసేవాళ్ళమో.

ఆ వేసవి సెలవుల్లోనే నాన్నగారు కొల్లేరు అవతల ఏదో పనుందని కారేసుకుని వెళ్ళి, చెప్పిన రోజుకి రాలేదు. వచ్చేసరికి మా తెల్ల కారు ముదురు నీలంగా ఉంది. లోపలంతా ఇదే వాసన.

"బాగానే ఉండేది కదండీ, రంగెందుకు మార్పించారు?" అంది అమ్మ.

"పాతబడిందని," అన్నారు, చెప్పులైనా విప్పకుండా.

నాకు గేమే గుర్తొచ్చి, సంబరంగా అడిగాను. "పోలీసులు వెళ్ళిపోయారా నాన్నా?"

ఆయన నవ్వలేదు. వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, నా ముందు కూర్చుని, చాలా మెల్లగా అడిగారు.

"నీకెవరు చెప్పార్రా?"