పూడ్చేవాడి పేరు

మొగుడంపల్లి చుట్టుపక్కల ఏ చేన్లో ఎన్ని మూరల కింద ఎర్రమన్ను అయిపోయి రాయి తగులుతుందో సాల్మన్‌ను అడగాలి. ముప్పై ఏళ్లు బావులు తవ్విన మనిషి. యంత్రాలు వచ్చి ఆయన గడ్డపారను మూలకు నెట్టాయి గాని, గుప్పెడు మన్ను చేతికిస్తే ఇప్పటికీ ముఖం వెలిగిపోతుంది. వెలగదా మరి! కాపురం, పరువు అన్నీ ఆ మన్నులోనే కదా సంపాదించుకున్నాడు.

ఆ రోజుల్లో బావి తవ్వేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. నీళ్లు పడకపోతే తవ్వినవాడే గుంత పూడ్చాలి, అదీ కూలి లేకుండా. పెళ్లయిన కొత్తలో సాల్మన్ తవ్విన మొదటి బావి కాస్తా ఎండుగుంతే అయింది. సిగ్గుతో ఊరు విడిచి పోదామన్నాడు.

"ఏడికి పోతవయ్యా? గొడ్డో పోరడో పడితే ఆ పాపం ఎవలది?" అంటూ భార్య నారమ్మ కొంగు నడుముకు బిగించి తట్ట అందుకుంది.

పదకొండు రోజులు ఇద్దరే పూడ్చారు. ఆ తర్వాత తమ సొంత ఎకరంలో తవ్వుకున్న బావిలో నీళ్లు ఉబికాయి. నారమ్మ దోసిలితో మొగుడి నెత్తిన నీళ్లు పోసి పకపకా నవ్వింది. ఎంత మంచి రోజులవి! ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ నవ్వు కోసమే ముసలాయన రోజూ ఆ బావి గట్టున కూర్చుంటాడు.

మొన్న చలికాలం ఊళ్లోకి బోరు లారీ వచ్చింది. బోరు లారీ వచ్చిందంటే నీళ్ల కోసమే అనుకున్నాడు సాల్మన్. పిల్లాడిలా సంబరపడి, ఏ పొర ఎక్కడుందో తానే దగ్గరుండి చూపించాడు, చాయ్ తాగించాడు, తన చేన్లోనూ ఒక బోరు వేయించాడు. తీరా చూస్తే వాళ్లు వెతుకుతున్నది బ్యాటరీలకు కావలసిన లోహమట! గని వస్తే బావి ఉన్న ఎకరం మొదట పోతుంది. అడక్కుండానే దొంగకు ఇల్లు చూపించినట్టయింది పాపం.

ఊళ్లో కొందరు కొలువులొస్తాయన్నారు, కొందరు ప్రాణం పోయినా భూమి ఇవ్వమన్నారు. సాల్మన్ మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆయన కూతురు శ్యామల జహీరాబాద్‌కు నడిపేది బ్యాటరీ ఆటోనే.

"నాయినా, నా ఆటోల బ్యాటరీ గూడ ఏదో ఊరి మన్నుల నుంచే వచ్చింది గద. ఆ ఊరోళ్లు ఏడ్చిన్రో ఏమో, మనకెట్ల ఎరుక?" అంది.

ఆ మాటతో ఆయనకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

షామియానా కింద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. "పెద్దాయనా, మీకు సమ్మతమేనా?" అని అధికారి అడిగాడు.

సాల్మన్ లేచాడు. "బ్యాటరీలు వద్దనను సారూ. నా బిడ్డకు గదే అన్నం పెడ్తున్నది. జర ఒక్క ముచ్చట చెప్పున్రి. పని అయినంక గుంత ఎవలు పూడుస్తరు?"

"అదంతా రిపోర్టులో ఉందండీ."

"రిపోర్టు తట్ట మొయ్యదు గద సారూ. మనిషి పేరు చెప్పున్రి."

జనం ఘొల్లున నవ్వారు. అధికారి కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పాడు. పేరు దొరకలేదు.

"అయితే సాల్మన్‌కు సమ్మతం లేదని రాసుకోన్రి," అని ముసలాయన కూర్చున్నాడు.

తిరిగొస్తూ చేను దగ్గర శ్యామల చేత ఆటో ఆపించాడు. సర్వేవాళ్లు వేసిన బోరు మూత లేకుండా అలాగే ఉంది. సాల్మన్ పార తీసుకుని దాంట్లోకి మన్ను నెట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వు తవ్వలేదు గద నాయినా! నువ్వెందుకు పూడుస్తున్నవ్?"

"జాగ చూపెట్టింది నేనే గద బిడ్డా."

శ్యామల బావి గట్టున బోర్లించి ఉన్న తల్లి తట్ట తెచ్చింది. కొంగు నడుముకు బిగించి మన్ను ఎత్తడానికి వంగబోయింది.

సాల్మన్ చేతిలో పార ఆగిపోయింది. కళ్లు నిండాయి.

"జర ఆగు బిడ్డా," అన్నాడు. "గట్లనే ఒక్క నిమిషం నిలబడు."