రివర్సులో తిరిగిన మోటారు

ఉదయం తొమ్మిదింటికి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని బిగించిన పంపు మోటారు రివర్సులో తిరిగింది. పెద్ద కంపెనీ ఇంటర్న్‌షిప్ చేతిలోనే ఉంది. కానీ అక్కడ రెండు నెలలూ కుర్చీ వెచ్చబెట్టి వచ్చానని కాలేజీ సీనియర్ చెప్పడంతో, ఈ మరమ్మతు షెడ్డునూ ఒకరోజు చూద్దామని వచ్చింది. కంపెనీయా, షెడ్డా అన్నది సాయంత్రంలోగా తేల్చాలి. షెడ్డు మెకానిక్ గెంటేస్తాడేమోనని గబగబా స్విచ్ ఆపేసింది.

ఆయన నవ్వాడు. "రెండు వైర్లు తారుమారు చేశావు తల్లీ. చేరిన కొత్తలో నేనూ మూడు మోటార్లు ఇలాగే తిప్పాను. విప్పి మళ్లీ పెట్టు."

"మీరు సరిచేయరా బాబాయ్?"

"నేను చేస్తే నువ్వేం నేర్చుకుంటావు, నా తలకాయ!"

ఆమె వైర్లు మార్చింది. ఈసారి మోటారు సరిగ్గా తిరిగింది. మధ్యాహ్నమే కంపెనీకి రాలేనని రాసేసింది. మెకానిక్ సోమవారం ఎనిమిదిన్నరకు షెడ్డులో చేరమన్నాడు. మరమ్మతుకు తొమ్మిది పంపులున్నాయి.