ఎర్ర కొమ్ములు, పచ్చ కొమ్ములు

నేను పిడుదుల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పినప్పుడల్లా మా బొబ్బిలి బంధువులు ఒక్క క్షణం ఆగి, మంచినీళ్ళు తాగి, మాట మార్చేసేవాళ్ళు. నాకు సంబంధాలు చూసే పిన్ని అయితే మరీను. "అమ్మాయి అగ్రికల్చర్‌లో పీహెచ్‌డీ" అని అక్కడికి ఆపేసేది. ఆవు చెవి వెనకా, గంగడోలు ముడతల్లో, తోక కిందా కరుచుకుని రక్తం తాగి తాగి ఆముదం గింజంత ఉబ్బే ప్రాణి గురించి పెళ్ళిచూపుల్లో ఏం చెబుతుంది పాపం. నాకు మాత్రం పిడుదుల మీద పంతం. చిన్నప్పుడు పక్కింటి పెయ్య చెవి నిండా పట్టుకుని ఉంటే గోళ్ళతో పీకి, కచ్చితంగా ముప్పై ఒకటి లెక్కపెట్టి, అమ్మ చేత వీపు మీద రెండు తిన్నాను. లెక్కపెట్టే పిచ్చి అప్పటి నుంచీ ఉంది.

నిజానికి నేను చదివింది కీటకాల గురించి. పిడుదుకి ఎనిమిది కాళ్ళు, అది కీటకాల్లోకి రాదు. ఊళ్ళో అడుగుపెట్టిన మొదటి రోజే ఈ సంగతి వివరించబోయాను. "పురుగు కాకపోతే మరేటి, పిట్టా?" అని ఒకావిడ అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి నేను ఆ ఊరికి పురుగుల డాక్టరమ్మని.

ఊరు చీపురుపల్లిలో రైలు దిగి ఆటో ఎక్కితే ముప్పావుగంట. విజయనగరంలో గది తీసుకుని ఉండేదాన్ని. ప్రతి గురువారం పొద్దున్నే బయల్దేరి, మంద మేతకి కదలకముందే చేరుకోవాలి. నా పరిశోధన చెప్పుకోవడానికి చాలా తేలిక. దుకాణంలో దొరికే మందులకి పిడుదులు మొండికేశాయి. అందుకని కానుగ నూనె, వేప నూనె, కాసింత సబ్బు నీళ్ళు కలిపి నేనొక మందు తయారు చేశాను. నలభై ఆవుల్లో ఇరవైకి వారం వారం రాయాలి, ఇరవైకి రాయకూడదు. ఎనిమిది గురువారాలు రెండు రకాల ఆవుల మీదా పిడుదులు లెక్కపెట్టాలి. రాయనివంటూ లేకపోతే, తగ్గింది మందు వల్లో ఎండల వల్లో ఎవరు చెప్పగలరు?

అంతకుముందు రెండు వేసవులు నాకు కలిసిరాలేదు. ఒక ఏడాది గాలికుంటు వచ్చి మందనే కదలనివ్వలేదు. మరో ఏడాది నాకే టైఫాయిడ్. ఆ వానాకాలంతో నా ఫెలోషిప్ అయిపోతుంది. ఈసారి పోతే ఇక నాలుగో వేసవి లేదు, పీహెచ్‌డీ లేదు. ఈ మాట మా గైడు సారు నాకు ఫోన్లో మూడుసార్లు చెప్పారు, నేను నాకు రోజుకి ముప్పైసార్లు చెప్పుకునేదాన్ని.

ఊరి ఆవులన్నిటినీ మేతకి తోలేది ఒక పెద్దామె. అరవై దాటి ఉంటాయి. చేతిలో కర్ర ఉండేది గానీ అది ఏ ఆవుకీ తగలడం నేను చూడలేదు, నోటితోనే మందని నడిపేది. మొదటి రోజు "మామ్మా" అని పిలిస్తే ఆగి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "మామ్మేటి? నాకింకా పళ్ళూడలేదు. అప్పా అను" అంది. అక్కా అన్నట్టే అప్పా అన్నాను. అప్పటి నుంచి నన్ను చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అంది, ఇరవై ఏడేళ్ళ దాన్ని.

లెక్కలు మొదలయ్యే ముందు గురువారం, మొదటిసారి మందు వేసే రోజు, అప్ప చేతనే చీట్లు తీయించాను. ఎర్ర చీటీ వచ్చిన ఆవు కొమ్ములకి ఎర్ర రంగు పూసి మందు రాయడం, ఆకుపచ్చ చీటీ వస్తే పచ్చ రంగు పూసి వదిలేయడం. రంగు మీద చీటీ వరస ప్రకారం తెల్లగా నంబరు. చెవి బిళ్ళలు సగం ఆవులకి తుప్పల్లో ఊడిపోయాయి కాబట్టి కొమ్ములే నయమనుకున్నాను. నా ఫారంలో గడులు చూసి నేనే మురిసిపోయాను: నంబరు, వయసు, ఒంటి రంగు, పిడుదుల సంఖ్య. ఆవు ఎవరిదో రాసే గడి మాత్రం పెట్టలేదు. ఆవుకి కొమ్మూ, కొమ్ముకి నంబరూ ఉండగా మనిషితో పనేమిటని నా తెలివి.

మందు క్యాను అప్ప ఇంట్లోనే పెట్టాను, మంద కూడేది ఆ ఇంటి ముందే కనుక. "పచ్చవాటికి చుక్క కూడా తగలకూడదు అప్పా. తగిలితే నా చదువు పోతుంది. ఆఖరి గురువారం లెక్క అయ్యాక అన్నిటికీ నేనే రాస్తాను" అని చెప్పాను. "సరేనే" అంది. అంత తేలిగ్గా సరే అంటే నాకు నమ్మకం కుదరలేదు. ఊళ్ళో ఎవరైనా వచ్చి మా ఆవుకీ కాస్త రాయమంటే ఈమె కాదంటుందా? అందుకని ప్రతి గురువారం రాయడం అయ్యాక, ఎవరూ చూడకుండా క్యాను మీద నూనె ఎంతవరకుందో బాల్ పెన్నుతో సన్నగా గీత గీసేదాన్ని. మళ్ళీ వారం వచ్చి చూసుకునేదాన్ని. గీత దగ్గరే ఉండేది. ఉన్నా మళ్ళీ గీసేదాన్ని.

ఐదు గురువారాలు పండగలా గడిచాయి. అవును, పండగే. ఎర్ర కొమ్ముల ఆవుల చెవులు వారం వారానికీ శుభ్రపడుతుంటే నాకు అన్నం సహించేది కాదు, అంత సంబరం. గోరింకలు కూడా పచ్చ కొమ్ముల ఆవుల వీపుల మీదే వాలి పిడుదులు ఏరుకుని తినేవి, ఎర్రవాటి వైపు వెళ్ళేవి కావు. ఒడిలో పుస్తకం పెట్టుకుని, ఆవు తోకతో చెంపదెబ్బలు తింటూ, నేను పైకే నవ్వుకునేదాన్ని.

ఆరో గురువారం ఆటో దిగేసరికి మంద నా ముందు నుంచే వస్తోంది. ప్రతి ఆవుకీ ఎడమ కొమ్ము ఎరుపు, కుడి కొమ్ము పచ్చ. నలభై ఆవులకీ. మెడల్లో వాడిన బంతిపూలు, ఒంటి నిండా పసుపు చారలు. నంబరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆ వారంలోనే ఏరువాక పున్నమి వెళ్ళింది. గెడ్డ నీళ్ళలో పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, దండలేసి ఊరేగించారు. నేను పుట్టింది బొబ్బిలిలో బాప్టిస్టు మిషన్ వాళ్ళ ఇంట్లో. మా గోడకి చర్చి క్యాలెండరు తప్ప మరోటి ఉండేది కాదు. అందులో గుడ్ ఫ్రైడే ఎర్రగా ఉండేది, ఏరువాక ఏ రంగులోనూ ఉండేది కాదు. ఆ పేరు విన్నాను గానీ అది ఏ రోజో, ఆ రోజు కొమ్ములకి ఏం చేస్తారో నాకేం తెలుసు? పైగా మిగిలిన రంగు డబ్బాలు అక్కడే వదిలేసి వెళ్ళిందాన్ని నేనే. "మీ రంగులేనమ్మా. ఏ ఆవుకీ తక్కువ సెయ్యకుండా రెండు రంగులూ రెండేసి పూతలు ఏసినాం" అని ఒకాయన గర్వంగా చెప్పాడు. నా మీద గౌరవంతో వేశారట.

నేను అరిచాను. చాలా అరిచాను. మూడేళ్ళ చదువు గెడ్డలో కలిపేశారన్నాను, కళ్ళు లేవా అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఊరంతా బిత్తరపోయి చూసింది. ఎవరో పళ్ళెంలో నాలుగు బూరెలు తెచ్చి పక్కన పెట్టారు. కోపంలోనే నాలుగూ తినేశాను. బాగున్నాయి కూడా.

తిన్నాక కాస్త బుర్ర పనిచేసింది. ఇంటింటికీ వెళ్ళి "మీ ఆవుది ఏ రంగు?" అని అడగడం మొదలుపెట్టాను. ఎర్రవాటికి ఇవాళ మందు రాస్తానని అప్పటికి అందరికీ తెలుసు. ఒక్కొక్కరే "మాది ఎరుపేనమ్మా" అన్నారు. "ఒట్టు?" అంటే "ఒట్టే" అన్నారు. ఒక ముసలాయన తన ఆవు పుట్టుకతోనే ఎరుపన్నాడు. ఊరు సగం తిరిగేసరికే నా పుస్తకంలో ఇరవై ఆరు ఎర్ర ఆవులు తేలాయి. నేను వేసిన ఎర్ర చీట్లు ఇరవయ్యే.

సారుకి ఫోన్ చేశాను. "సార్, గోరింకలు వాలేవి పచ్చవే. వాటిని బట్టి విడదీయొచ్చేమో" అన్నాను. అవతల నుంచి ఒక నిట్టూర్పు. "పిడుదులున్నవి పచ్చ, లేనివి ఎరుపు అని నువ్వే రాసేస్తే, ఇక నీ మందు పనిచెయ్యక ఏంచేస్తుందమ్మా? మందుతో సంబంధం లేని సాక్ష్యం ఉంటే చెప్పు. లేకపోతే వచ్చేయ్" అని పెట్టేశారు. ఆయన అన్నది న్యాయమే. అందుకే ఏడుపొచ్చింది.

అప్ప ఇంటి అరుగు మీద కూలబడ్డాను. అప్ప నా పక్కన కూర్చుని కర్రతో నేల గీస్తూ, "పురుక్కి కాళ్ళెన్నో లెక్కెట్టినావు, పున్నమెప్పుడో లెక్కెట్టుకోలేదేటి గుంటా?" అంది. "ఊరందర్నీ అడిగినావు. నన్నడిగినావేటి?"

"నీకు గుర్తుందా అప్పా?"

"సీట్లు తీసింది నా సెయ్యి కాదేటి? రోజూ వాటి ఎనకాల తిరిగేది నాను కాదేటి? మీ అమ్మకి నీ మొకం గుర్తుండదేటి?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా నా అనుమానం బుద్ధి ఎక్కడికి పోతుంది? చీట్లు తీసిన రోజు సారుకి చూపించడానికి ఫోన్లో తీసిన ఫొటోలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొహమూ, కొమ్మూ, నంబరూ స్పష్టంగా పడిన ఆవులు పన్నెండు. ఆ సంగతి అప్పకి చెప్పలేదు. నేను వెనక నడుస్తూ, ఫోను నా వైపు తిప్పుకుని, అప్ప చెప్పేది వింటూ పోయాను. అప్ప ఒక్కో ఆవు వీపు మీద చెయ్యి వేసి, రంగు, చీటీ ఎన్నోదో చెప్పింది. "ఇది ఎరుపు, రెండో సీటీ. ఇది పచ్చ, దీని ఎనకాలే వొచ్చినాది, మూడోది. ఇది ఎరుపు, సీటీ తీసినప్పుడు నీ కాలు తొక్కినాది సూడు, అదే." నిజమే, తొక్కింది. పన్నెండూ ఫొటోలతో సరిపోయాయి. పదకొండు కాదు, పన్నెండు. నేను మంద మధ్యలో నిలబడి ఎగిరాను. ఒక ఆవు బెదిరి పక్కకి జరిగింది.

మిగతావి కూడా అలాగే చెబుతూ పోయింది. లెక్క చూస్తే ఇరవై ఎరుపు, పంతొమ్మిది పచ్చ. చివరికి నుదుట తెల్ల చుక్క ఉన్న ఒక చిన్న ఆవు మిగిలింది. బక్కచిక్కి ఉంది. చెవుల వెనక పిడుదులు గుత్తులుగా పట్టి ఉన్నాయి. ప్రతి వారం నా పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద అంకె దానిదే. నాకది పచ్చ పదిహేడు అనే తెలుసు.

"ఇది పచ్చ, పదిహేడోది" అంది అప్ప. దాని మెడ కింద గోకుతూ, "ఇది నాదే" అంది.

ఆ రోజు ఊళ్ళో తన ఆవు పచ్చ అని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. మందు క్యాను ఆరు వారాలుగా ఆమె ఇంట్లో, ఆ ఆవుని కట్టే గుంజకి నాలుగడుగుల దూరంలో ఉంది. నాకు సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంత అవస్థ పడుతుంటే ఒక్కసారైనా రాయలేదేం అప్పా?"

"నువ్వొద్దన్నావు గదా." ఇంకేం అడుగుతావన్నట్టు చూసింది. "తగిల్తే నీ సదువు పోద్దన్నావు. ఆఖర్న నువ్వే రాస్తానన్నావు. మరి రాస్తావా, రాయవా?"

మిగిలిన మూడు గురువారాలూ లెక్క సాగింది. ఈసారి కొమ్ముల జోలికి పోలేదు. మెడలకి తాడు కట్టి రేకు బిళ్ళలు వేశాను, ఫారంలో ఆవు ఎవరిదో రాసే గడి గీశాను. పన్నెండు ఫొటోల సంగతి చెబితే సారు గట్టిగా నవ్వారు. ఆయన నవ్వడం ఆ మూడేళ్ళలో నేను విన్నది అదే మొదలు. "ఉన్నదున్నట్టు రాయి. రంగులు పోయాయని రాయి, ఎవరు గుర్తుపట్టారో రాయి, ఎలా సరిచూశావో రాయి" అన్నారు. రాశాను. మందు పనిచేసింది. నా చదువు నిలిచింది.

ఆఖరి గురువారం సన్నగా జల్లు పడి వెలిసింది. లెక్క ముగియగానే పుస్తకం మూసి, క్యాను తెచ్చి, అన్నిటికన్నా ముందు చుక్కావు దగ్గరికి వెళ్ళాను. చెవులు, గంగడోలు, పొదుగు పక్కన, తోక కింద, ఒక్క ముడత వదలకుండా నా చేతుల్తో రాశాను. అది కళ్ళు మూసుకుని మెడ నా భుజం మీద వాల్చింది. మోచేతుల దాకా కానుగ కంపు. అంత సంతోషం నాకు పట్టా తీసుకున్న రోజు కూడా కలగలేదు. అలవాటు కొద్దీ ఒక గోరింక వచ్చి వాలింది, రెండడుగులు వేసి, ముక్కు నూనెలో పెట్టి, తల విదిలించుకుని ఎగిరిపోయింది. అప్ప విరగబడి నవ్వింది.

నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళి, నా సంచీలోంచి బాల్ పెన్ను తీసి తెచ్చింది. క్యాను ఎత్తి నా ముందు పెట్టింది. దాని ఒంటి మీద నేను దొంగచాటుగా గీసిన ఎనిమిది గీతలు నిచ్చెన మెట్లలా వరసగా ఉన్నాయి.

"ఇయ్యాల మా ఆవుక్కూడా రాసినావు గదా" అంది, పెన్ను నా నూనె చేతిలో పెడుతూ. "గీసుకో గుంటా, నూనె ఎంతకి దిగినాదో."