కాళ్లు అందేదాకా

మొన్న మా కోడలు మనవరాలికి గౌను వదులుగా కుట్టించింది. పాదాల మీద జీరాడుతున్న ఆ అంచు చూడగానే మా కాలి హార్మోనియం గుర్తొచ్చింది.

నిజాం కాలం. సిద్దిపేట మిషన్ బడిలో నేను హార్మోనియం నేర్చుకుంటున్నానని, కొత్తది కొనడానికి మా నాన్న, బాపు, నన్ను సికింద్రాబాదు తీసుకుపోయాడు. దుకాణమంతా వార్నిష్ వాసన. చేత్తో గాలి కొట్టే చిన్న పెట్టె నాకు నచ్చింది. బాపు మాత్రం కాళ్లతో తొక్కే పెద్దదాని ముందు ఆగాడు.

"పిల్ల కాళ్లు పెడళ్లకు అందయి పటేలా. తొక్కకుంటే అది పలకది," అన్నాడు దుకాణదారు.

"ఎదిగే పిల్లకు అంగీ సుత వదులే కుట్టిస్తం గద," అన్నాడు బాపు.

బాపుకు ఏమీ తెలియదని నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పొలం నుంచి వచ్చి, బాపు నా కుర్చీ ముందు నేల మీద కూర్చునేవాడు. "నువ్వు కొట్టు బిడ్డా, గాలి నేనిస్త," అంటూ పెడళ్లను చేతులతో నొక్కేవాడు. ఆయన చేతుల మట్టివాసన పైదాకా వచ్చేది.

ఒక సాయంత్రం నా కాలి బొటనవేళ్లు పెడళ్లకు తగిలాయి. అంతలో బాపు వచ్చి కింద కూర్చున్నాడు. నేను మెల్లగా కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకున్నాను. ఆయన చూశాడు. చేతులు చాచి పెడళ్లు నొక్కడం మొదలుపెట్టాడు.