పండుగ కాకముందు మామిడికాయ

భద్రాచలం సంతలో కొత్త మామిడికాయల సొన వాసన తగిలితే చాలు, పట్టపగలే నన్ను కల కమ్ముకుంటుంది. అందులో రోజమ్మత్త కొంగున కాయలు మూటగట్టుకుని, దుమ్ముగూడెం అవతల మా ఊరి అడవిబాటలో, రాలిన ఇప్పపూలు తొక్కకుండా నడుస్తుంటుంది. ఆమె పోయి చాలాకాలమైంది. కలకి ఆ సంగతి చెప్పేదెవరు?

టౌనులో ఆమె ఇంట్లో కిరాయికుండేదాన్ని. మిషన్ మీద బట్టలు కుడుతూ కీర్తనలు పాడేది. ఆ పాటల వెంటే నేనూ చర్చికి వెళ్లాను. జ్ఞానస్నానం తీసుకుంటానంటే ఫాదర్ గారు, “ఆ వేళ నీ వెనక జ్ఞానతల్లిగా ఎవరు నిలబడతారో చూసుకోమ్మా. గొప్పవాళ్లు అక్కర్లేదు. దారి తప్పితే చెవి మెలిపెట్టేవాళ్లు కావాలి” అన్నారు. ఇంకెవరు! రోజమ్మత్త నోటికి వీధంతా జడిసేది. వెళ్లి అడిగితే ఆమె మిషన్ ఆపింది.

“మీ అమ్మకు చెప్పినవా?”

“చెప్పిన. ఆ నీళ్లు పోయించుకుంటే నా గడప తొక్కకు అన్నది.”

“గట్లనా? కన్నతల్లిని ఏడిపిచ్చి నేను తల్లినెట్లయిత పిల్లా? ముందు ఆమెనే అడుగుదాం పా.”

అమ్మ సరేననకపోతే రోజమ్మత్త నిలబడదు. అమ్మను కాదని ఇంకెవరినైనా నిలబెట్టుకుంటే నాకిక అమ్మ ఉండదు.

మా ఊరికి ఉత్తచేతులతో వెళ్లకూడదని ఆమె తన పెరటి చెట్టు తొలికాయలు తెచ్చింది. అక్కడే వచ్చింది తంటా. మా ఊళ్లో కొత్తకాయల పండుగ చేసి వేల్పుకు పెట్టందే మామిడికాయ ఎవరూ ముట్టరు. ఆమె కొంగు విప్పగానే అమ్మ వెనక్కి జరిగింది.

“మా పండుగ కాలె. తీసెయ్యి.”

రోజమ్మత్త గబగబా మూట కట్టేసింది. “తప్పయింది వదినా. మీ పండుగ అయ్యేదాంక నేను గూడ ముట్ట. నీ బిడ్డను గుంజుకపోవుడానికి రాలె. నీ బిడ్డ నీకే ఉంటది. ఎన్క నిలబడనియ్యి, గంతే.”

అమ్మ సరేననలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చింది.

ఆ వేసవి రోజమ్మత్త ఇంట్లో మామిడికాయ పప్పు లేదు, పచ్చడి లేదు. జ్ఞానస్నానాలిచ్చే ఈస్టర్ కూడా వెళ్లిపోయింది. నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, “నీళ్లు యాడికి పోతయే, ఆగు” అని కసిరేది. మా పండుగైన మర్నాడు అమ్మ తనే కాయలతో రోజమ్మత్త ఇంటికి వచ్చింది.

“మీ అత్త తిన్నదా?” అని నన్నడిగింది.

“లేదమ్మా.”

అమ్మ ఒక కాయ తీసి రోజమ్మత్త చేతిలో పెట్టింది. “మాట మీద నిలబడ్డది. నా బిడ్డ ఎన్క గూడ నిలబడతది” అంది. ఆ ఆదివారం నా తల మీద నీళ్లు పడుతున్నప్పుడు భుజం మీద రోజమ్మత్త చెయ్యి ఉంది. చర్చి గుమ్మం దగ్గర అమ్మ ఉంది. నేను ఏడ్చేశాను.

ఇప్పటికీ “పండుగైంది, తిను” అని అమ్మ ఫోను చేయందే నేను కాయ కొరకను. నిన్న ఒక పిల్ల వచ్చి, తనకు జ్ఞానతల్లిగా నిలబడమని అడిగింది. నా నోట రోజమ్మత్త గొంతే వచ్చింది.

“మీ అమ్మకు చెప్పినవా?”